అత్తమ్మకు నొప్పి లేని గడ్డ, సంక్రాంతి దాకా ఆగవచ్చా?

తెనాలి కోడలు
అందరికీ నమస్కారం. మా అత్తమ్మకు 54 ఏళ్ళు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, ఏదో గట్టిగా తగిలిందట. ఎప్పటి నుంచి ఉందంటే సరిగ్గా చెప్పడం లేదు, "వినాయక చవితికి ముందే ఉన్నట్టుంది" అంటున్నారు. నొప్పి లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు. అందుకే ఆవిడకు ధైర్యం. "నొప్పి పుడితే అప్పుడు చూద్దాంలే, ముందు కోతలు, సంక్రాంతి కానివ్వండి" అని మాట దాటేస్తున్నారు. మగ డాక్టరు చూస్తాడేమోనన్న బెరుకు కూడా ఉంది. పైకి అనరు గానీ నాకు తెలుస్తోంది. మామయ్యగారికి ఇంకా చెప్పలేదు. మావారు బెంగళూరులో ఉంటారు.

నొప్పి లేకపోతే ప్రమాదం లేనట్టేనా? లేడీ డాక్టరంటే మాకు తెలిసింది గైనకాలజిస్టే, ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాలా? మామోగ్రామ్ అంటే ఏం చేస్తారు? ఇవి తెలుసుకుంటే ఆవిడకు సర్దిచెప్పడం తేలికవుతుందని అడుగుతున్నాను. ఇంకొకటి, నాకు 36. నేను కూడా తీయించుకోవాలా?

మంజీర
నొప్పి లేదు కాబట్టే ఆగకండి. సంక్రాంతి ఇంకా రెండు నెలలుంది. ఈ వారమే వెళ్ళండి.

ఫిల్మ్‌రూమ్
విజయవాడలో ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌లో మామోగ్రఫీ టెక్నీషియన్‌ని. నా గదికి సంబంధించినంత వరకు చెప్తాను, మిగతాది డాక్టర్లు చెప్పాలి.

రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పుట్టదు. ఉత్త నొప్పి మాత్రమే ఉండి గడ్డ లేకపోతే అది క్యాన్సర్ అవ్వడం అరుదు. జనం దీన్ని సరిగ్గా తలకిందులుగా అనుకుంటారు. నొప్పి ఉన్నవాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తారు, నొప్పి లేని గడ్డ ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుంటారు.

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. ఒక్కో రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి కొన్ని సెకన్లు నొక్కుతాం, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తాం. గడ్డ ఎడమ వైపే ఉన్నా రెండూ తీయాలి. కొంతమందికి నొక్కినప్పుడు నొప్పిగానే ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఊపిరి బిగబట్టి వదిలేలోపు అయిపోతుంది. ఆ రోజు పౌడరు, సెంటు, డియోడరెంట్ వేసుకోవద్దని చెప్పండి. వాటి రేణువులు ఫిల్ములో సున్నపు మచ్చల్లా కనపడి లేనిపోని అనుమానం తెస్తాయి. చీర జాకెట్టుతో వస్తే సుఖం, పైభాగం మాత్రం విప్పితే చాలు. ఈ గదిలో సాధారణంగా ఆడవాళ్ళే పనిచేస్తారు. ఫోన్ చేసినప్పుడే అడిగి ఖాయం చేసుకోండి.

రేడియేషన్ గురించి అందరూ అడుగుతారు. ఒక మామోగ్రామ్‌లో పడే మోతాదు, మనం ఊరికే ఏడు వారాలు బతికితే ప్రకృతి నుంచి పడేదానితో సమానం.

ఇంకో మాట. మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా గడ్డ చేతికి తగులుతూనే ఉంటే అక్కడితో ఆపకూడదు. కొన్ని క్యాన్సర్లు మా ఫిల్ముకు దొరకవు.

పచ్చని ప్రకృతి
ఎందుకండీ అందరూ కలిసి ఆ ఇల్లాలిని భయపెడతారు. మా మేనత్తకు ఇలాంటి గడ్డే వస్తే ఆకు నూరి కట్టు కట్టారు, కరిగిపోయింది. సూది గుచ్చితేనే పాకుతుంది. పడుకున్న పులిని లేపడమెందుకు?

కత్తి పట్టినవాడు
జనరల్ సర్జన్‌ని, ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను.

పై సభ్యులకు: మీ మేనత్తగారిది కట్టుతో కరిగిందంటే అది బహుశా చీముగడ్డో, నీటి తిత్తో, నెలసరికి ముందు వచ్చి తర్వాత తగ్గే గడ్డో అయి ఉంటుంది. ఏ కట్టూ కట్టకపోయినా తగ్గేదే. క్యాన్సర్ గడ్డ మీద కట్టు కట్టుకుని చర్మం పగిలాక వచ్చినవాళ్ళను నేను చూశాను. అప్పుడు కూడా "మొన్నటి దాకా చిన్నగానే ఉంది డాక్టర్ గారూ" అనే అంటారు.

సూది పరీక్ష వల్ల క్యాన్సర్ పాకి ప్రాణం మీదికి వస్తుందన్నదానికి ఆధారం లేదు. ప్రపంచమంతా రోజూ చేసే పరీక్ష అది. అసలు హాని ఎక్కడుందో చెప్తాను. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో ఏ పరీక్షా లేకుండా "చిన్న గడ్డే, మత్తిచ్చి తీసేద్దాం, తర్వాత ల్యాబ్‌కి పంపుదాం" అంటారు. తీసేస్తారు. రిపోర్టు క్యాన్సర్ అని వస్తుంది. అప్పటికి గడ్డ అంచులు ఎక్కడున్నాయో, లోపల ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. రెండో ఆపరేషన్ తప్పదు, ఒక్కోసారి మొదట్లో కాపాడగలిగిన రొమ్మును కూడా తీసేయాల్సి వస్తుంది. కాబట్టి ముందు ముక్క పరీక్ష (సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసే బయాప్సీ), ఆ తర్వాతే కత్తి. ఎవరైనా ఈ వరస తిప్పి చెప్తే లేచి వచ్చేయండి.

తెనాలి కోడలు గారికి: రొమ్ము గడ్డ చూసేది సర్జరీ విభాగం. గైనకాలజిస్ట్ చెయ్యి పెట్టి చూసి అనుమానం ఉందో లేదో చెప్పగలరు, కానీ తేల్చేది సర్జన్. మూడు మెట్లు: చేత్తో పరీక్ష, మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్, ఆపై అవసరమైతే ముక్క పరీక్ష. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి వేరేగా చెప్తే వదలకూడదు.

మీ అత్తమ్మకు ముట్లు ఆగిపోయి ఉంటాయి. ఆ వయసులో కొత్తగా వచ్చిన గట్టి గడ్డను మేం ఊరికే వదలం. అలాగని అది క్యాన్సరే అని కూడా అనడం లేదు. అన్ని వయసులూ కలిపి చూస్తే రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కానివే.

గుంటూరు కారం
మగ డాక్టరు సంగతి: వెళ్ళేముందు ఓపీలో లేడీ సర్జన్ ఏ రోజు ఉంటారో కనుక్కోండి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వాళ్ళు కట్టించిన క్యాన్సర్ సెంటర్ ఉంది, మీకు తెనాలి నుంచి దగ్గరే. మగ డాక్టరు చూసినా పక్కన నర్సు ఉండాలి, మీరూ ఉండొచ్చు. అడిగితే ఎవరూ కాదనరు.

సబ్‌సెంటర్ అక్క
ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నానమ్మా. నీ పోస్టు చదివితే మా రిజిస్టర్‌లో పేర్లన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

30 దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగరుతో పాటు నోరు, ఆడవాళ్ళకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూడాలని కేంద్రం నుంచి 2016లోనే మార్గదర్శకాలు వచ్చాయి. 65 దాకా, అయిదేళ్ళకోసారి. కాగితం మీద చక్కగా ఉంటుంది. ఇంటికి వెళ్ళి "రొమ్ములో గడ్డలేమన్నా ఉన్నాయా" అని అడిగితే ఎవరు చెప్తారు? గుమ్మంలో మామగారు పేపరు చదువుతుంటాడు, వెనక పిల్లలు. "ఏం లేదమ్మా, బాగానే ఉంది" అంటారు. నేను లేదని రాసుకుని వచ్చేయాలి. అలా రాసిన "లేదు"లు ఎన్నున్నాయో!

అందుకే మేం అడగడం మానేశాం. బీపీ పట్టీ కడుతూ మాట కలుపుతాం. తర్వాత అంగన్‌వాడీ గదికో, సెంటర్‌కో పిలిచి తలుపు వేసి చూస్తాం. ఒకామె చూపించుకుంటే సాయంత్రానికి ఆ వీధిలో ఇంకో నలుగురు వస్తారు. ఎవరూ భయమని ఒప్పుకోరు. కోతలు, మనవడి పరీక్షలు, చిన్నదాని పురుడు అంటారు. మీ అత్తమ్మ సంక్రాంతి కూడా అదే. ఆ పండగ మీద వాదించొద్దు. "అదేమిటో తేల్చుకుంటే పండక్కి మనసు కుదురుగా ఉంటుంది కదా" అను. క్యాన్సర్ అన్న మాట నువ్వు ముందు ఎత్తకు, ఆవిడ అడిగితే అబద్ధమూ చెప్పకు. అవసరమైతే ఆవిడ మాట వినే అక్కనో చెల్లెల్నో తోడు తెచ్చుకో. మామయ్యగారికి ఆవిడ చేతే చెప్పించు, నువ్వు చెప్తే రేపు అలుగుతుంది.

మంజీర
అక్కా, "ఆ పండగ మీద వాదించొద్దు" అన్నది బాగా చెప్పారు. మా అమ్మతో నేను అక్కడే చెడగొట్టుకుంటాను.

డల్లాస్ బామ్మర్ది
ఇక్కడ అమెరికాలో 40 దాటిన ప్రతి ఆడమనిషికీ మామోగ్రామ్. 2024లో ఇలాంటి పరీక్షల మీద సలహాలిచ్చే ఇక్కడి నిపుణుల టాస్క్‌ఫోర్స్ కూడా 40 నుంచి 74 దాకా రెండేళ్ళకోసారి అని తేల్చింది. మా ఆవిడ డాక్టరైతే ఏటా తీయించుకోమంటుంది. ఇండియాలో ఇంకా చేత్తో నొక్కి చూడటం, ఇంటింటికీ తిరగడం ఏమిటండీ? ఊరికో మిషన్ పెడితే సరిపోయేది.

లెక్కల మాస్టారు
బామ్మర్ది గారూ, అంత తేలిక కాదు.

2022 ప్రపంచ లెక్కల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు సుమారు 1.92 లక్షలు. చనిపోయినవాళ్ళు సుమారు 98 వేలు. అదే ఏడాది ప్రపంచం మొత్తం మీద 23 లక్షల కేసులు, 6.7 లక్షల మరణాలు. నిష్పత్తి మీరే వేసుకోండి. మన దగ్గర జబ్బు తక్కువే, చావులు ఎక్కువ. ఆలస్యంగా రావడం ఒక కారణం, వచ్చినా వైద్యం మధ్యలో ఆపేయడం ఇంకోటి. ఊరికో మిషన్ పెట్టినా ఈ రెండూ పోవు. పైగా మనవాళ్ళకు ఈ జబ్బు పాశ్చాత్యుల కంటే దాదాపు పదేళ్ళు ముందే వస్తోంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో తెల్లగా కనపడుతుంది. గడ్డా తెల్లగానే కనపడుతుంది. వెతకడం కష్టం.

ఇక చేత్తో చూడటం. ముంబయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టిన ప్రయోగం ఒకటుంది. బస్తీల్లో ఉండే 35 నుంచి 64 ఏళ్ళ మహిళలు, లక్షన్నర మంది. సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, అందరూ ఆడవాళ్ళే, రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. అలా నాలుగు విడతలు. ఇరవై ఏళ్ళు లెక్కలు పట్టి 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. పరీక్ష జరిగిన గుంపులో మూడు, నాలుగు దశల్లో బయటపడినవాళ్ళు 37 శాతం, జరగని గుంపులో 47. మిషన్ లేదు, ఫిల్ము లేదు.

అయితే నిజాయితీగా రెండో సగం కూడా చెప్పాలి. 50 లోపు వాళ్ళలో మరణాలు తగ్గలేదు. మొత్తం కలిపితే కనపడిన 15 శాతం తగ్గుదల గణాంకాల పరీక్షకు నిలబడలేదు, అంటే అది కాకతాళీయం కూడా కావచ్చు.

డల్లాస్ బామ్మర్ది
ఈ ముంబయి సంగతి నాకు తెలియదు. మరి ఎవరికి వాళ్ళు నెల నెలా అద్దం ముందు నిలబడి చూసుకోమంటారు కదా, అది?

లెక్కల మాస్టారు
దాని మీద చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో పెద్ద ప్రయోగం చేశారు. 2.66 లక్షల మంది. ఎలా చూసుకోవాలో ఒక గుంపుకు పద్ధతిగా నేర్పించి, మళ్ళీ మళ్ళీ గుర్తుచేశారు. పదేళ్ళ తర్వాత చూస్తే మరణాల్లో తేడా లేదు. పైగా నేర్చుకున్నవాళ్ళలో క్యాన్సర్ కాని గడ్డలు ఎక్కువ బయటపడ్డాయి, వాటికి బయాప్సీలు, టెన్షన్లు.

మళ్ళీ జడ
మాస్టారూ, మీ లెక్కలు సరే. కానీ నా గడ్డ నా చేతికే దొరికింది. ఏ మిషనూ పట్టలేదు. ఈ మాట చదివి ఎవరైనా "చూసుకోవడం దండగ" అనుకుంటే?

కత్తి పట్టినవాడు
ఇద్దరి మాటా నిజమే. షాంఘై చెప్పింది నెలకోసారి వ్రతంలా ఒక పద్ధతి ప్రకారం చేస్తే మరణాలు తగ్గలేదని. తన శరీరం తనకు తెలియక్కర్లేదని కాదు. మన దగ్గర ఎక్కువ గడ్డలు ఆడవాళ్ళ చేతికే ముందు తగులుతాయి, ఇంకెవరూ చూడరు కాబట్టి. ఎవరి రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసి ఉండాలి, కొత్తది ఏదైనా కనపడితే నెలలు గడపకుండా చూపించాలి. నెలసరి వచ్చేవాళ్ళకు ముందు వారంలో రొమ్ములు బరువుగా, గడ్డలు గడ్డలుగా ఉంటాయి. మొదలైన వారం పది రోజులకు చూసుకుంటే అనవసరపు కంగారు తప్పుతుంది.

గడ్డ ఒక్కటే గుర్తు కాదు. ఇదివరకు బాగున్న చనుమొన ఒక వైపు లోపలికి పోవడం, అక్కడ మానని పుండో పొక్కులో, రక్తపు జీర ఉన్న స్రావం, చర్మం సొట్ట పడటం, చర్మం దళసరి అయి చిన్న చిన్న గుంటలు కనపడటం, చంకలో గడ్డ. పుట్టినప్పటి నుంచి లోపలికే ఉన్న మొన గురించి భయపడక్కర్లేదు.

మామోగ్రామ్ గురించి నా అభిప్రాయం: 40 దాటి, ఖర్చు పెట్టుకోగలిగి, ఫాలో అప్‌కు వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో తీయించుకోవచ్చు. పెట్టుకోలేనివాళ్ళు ఏఎన్ఎం అక్క వస్తే "బాగానే ఉంది" అనకుండా చూపించుకుంటే చాలా మేలు.

కొండాపూర్ వాసి
మా అపార్ట్‌మెంట్లో అక్టోబరంతా గులాబీ బెలూన్లు కట్టి క్యాంపు పెట్టారు. ముట్టుకోకుండా, నొక్కకుండా వేడిని ఫోటో తీసే పరీక్షట. రేడియేషన్ లేదు అన్నారు. మా ఆవిడ చేయించుకుంది, నార్మల్. దాంతో పాటు ప్యాకేజీలో సీఏ 15-3 అనే రక్త పరీక్ష కూడా ఉంది, అదీ నార్మల్. ఇక మామోగ్రామ్ అక్కర్లేనట్టేనా?

ఫిల్మ్‌రూమ్
అక్కర్లేనట్టు కాదండీ. థర్మల్ ఫోటో మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదే పదే హెచ్చరించింది. ఆ రక్త పరీక్ష జబ్బు ఉందని తేలినవాళ్ళలో, ముఖ్యంగా ముదిరిన దశలో, వైద్యం ఎలా నడుస్తోందో చూడటానికి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో జబ్బు వెతకడానికి పనికిరాదు. తొలి దశలో చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది. ప్యాకేజీలో లైన్లు ఎక్కువ కనపడాలని చేర్చే పరీక్షల్లో ఇదొకటి, నాకు దీని మీద కోపమే.

హనుమకొండ హాస్టల్
నా వయసు 23, ఎమ్మెస్సీ చదువుతున్నా. కుడివైపు చిన్న గడ్డ ఉంది, వేలితో కదిపితే జారిపోతుంది. అమ్మకు చెప్తే ఏడ్చింది. "డాక్టర్ దగ్గరికి పోతే నలుగురికీ తెలుస్తది, రేపు సంబంధాలు రావు" అంటుంది. ఇక్కడ అందరూ మామోగ్రామ్ అంటుంటే ఇంకా భయమేస్తోంది.

కత్తి పట్టినవాడు
అమ్మా, నీ వయసులో అలా జారే గడ్డ చాలావరకు ఫైబ్రోఅడినోమా. అది క్యాన్సర్ కాదు. అయినా నేను ఇక్కడి నుంచి చూసి చెప్పలేను కాబట్టి ఒకసారి సర్జన్‌కు చూపించు. నీకు మామోగ్రామ్ కాదు, అల్ట్రాసౌండ్ తీస్తారు. కడుపుకు తీసే స్కానింగే, జెల్ రాసి పైన తిప్పుతారు. అవసరమనుకుంటే సూది పరీక్ష. మామూలు ఫైబ్రోఅడినోమా అని తేలితే చాలామందికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు, కొన్నాళ్ళకు మళ్ళీ చూస్తారు. పెద్దదైనా, పెరుగుతున్నా తీస్తారు.

సబ్‌సెంటర్ అక్క
బిడ్డా, స్కానింగ్ సెంటర్‌లో ఎవరు ఎందుకు వచ్చారో ఎవరికీ తెలియదు. మీ అమ్మను కూడా తీసుకెళ్ళు. డాక్టర్ నోటి నుంచి ఆమే వింటే ఇంట్లో గొడవ ఉండదు.

పాత నోకియా
బ్లౌజులో సెల్‌ఫోన్ పెట్టుకుంటే వస్తుందట కదా? నల్ల బ్రా వేసుకున్నా వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది.

మంజీర
నలుపే ఎందుకో, తెలుపుకు ఏం పాపం లేదా? రెండిటికీ ఆధారం లేదు. నిజంగా ముప్పు పెంచేవి వేరే: వయసు, మెనోపాజ్ తర్వాత పెరిగే బరువు, మందు తాగడం, చిన్నప్పుడే రజస్వల కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, అమ్మకో అక్కకో వచ్చి ఉండటం. పిల్లలకు పాలివ్వడం కొంత తగ్గిస్తుంది. ఇవేమీ లేనివాళ్ళకు కూడా వస్తుంది.

కొండాపూర్ వాసి
మగవాళ్ళకు వస్తుందా?

మంజీర
వస్తుంది. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్ళది. చనుమొన కింద గట్టిగా తగిలితే మీరు కూడా సిగ్గుపడకుండా వెళ్ళండి.

తెనాలి కోడలు
అందరికీ ఎంత రుణపడ్డానో. ఏఎన్ఎం అక్క చెప్పినట్టే ఆవిడ చెల్లెల్ని పిలిపించాను. ఆవిడ వచ్చి రాత్రి ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు, పొద్దున్నే అత్తమ్మ చీర కట్టుకుని కూర్చున్నారు. గుంటూరు వెళ్ళాం. మామోగ్రామ్, స్కానింగ్ అయ్యాయి. రిపోర్టులో 1.8 సెంటీమీటర్లు, అంచులు సమంగా లేవు, చంకలో గ్రంథులు మామూలుగా ఉన్నాయి, కింద "బైరాడ్స్ 4సి" అని ఉంది. గూగుల్‌లో చూసి నాకు కాళ్ళు వణికాయి. నాలుగు అంటే నాలుగో దశా?

ఫిల్మ్‌రూమ్
కాదు కాదు. ఆ నంబరు చూసి దశ అనుకుని మా సెంటర్లోనే కళ్ళు తిరిగి కూర్చున్నవాళ్ళున్నారు. బైరాడ్స్ అంటే ఫిల్ము చూసిన రేడియాలజిస్టుకు ఎంత అనుమానం ఉందో చెప్పే అంకె. ఒకటి అంటే ఏమీ లేదు, రెండు అంటే హాని లేనిది ఉంది, మూడు అంటే దాదాపు హాని లేనిదే, ఆర్నెల్లకు మళ్ళీ చూద్దాం. నాలుగు అంటే ముక్క పరీక్ష చేయాలి. అందులో 4ఏ తక్కువ అనుమానం, 4బి మధ్యస్థం, 4సి గట్టి అనుమానం. సి అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 50 నుంచి 95 శాతం మధ్య అని లెక్క. సున్నా వచ్చినా భయపడొద్దు, ఇంకో ఫిల్మో స్కానో కావాలని అర్థం. దశ అనేది వేరే లెక్క, ముక్క పరీక్ష, మిగతా పరీక్షలు అయ్యాక చెప్తారు.

కత్తి పట్టినవాడు
ముక్క పరీక్ష ట్రూకట్ అనే కాస్త లావు సూదితో చేయించండి. చర్మానికి మత్తు ఇస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. క్యాన్సర్ అని వస్తే అదే ముక్క మీద ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు పరీక్షలు చేయాలి. ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే. ఆ రిపోర్టు రాకుండా ఎవరూ ఆపరేషన్‌కు తొందరపెట్టకూడదు. కొద్ది రోజుల ఆలస్యం వల్ల కొంప మునగదు. మునిగేది నెలల తరబడి చేసే ఆలస్యం వల్ల.

గుంటూరు కారం
కార్డు సంగతి మర్చిపోకండి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అనేదే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ. ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్ వైద్యం), మూడూ వస్తాయి. కానీ బయట ల్యాబ్‌లో సొంతంగా చేయించుకున్న పరీక్షల డబ్బు తిరిగి రాకపోవచ్చు. అందుకే అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ఏది వస్తుంది, ఏది రాదు అని అడగండి.

మళ్ళీ జడ
చెల్లీ, మాది కరీంనగర్. నాకు 47లో వచ్చింది. ఒకటి చెప్తా విను. ఆ మాట వినగానే "మొత్తం తీసేయండి, పీడా పోతుంది" అన్నాను నేను. డాక్టరమ్మ ఆపింది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దాన్ని, చుట్టూ కొంచెం తీసి, తర్వాత కరెంటు పెడితే, రొమ్ము మొత్తం తీసేసినవాళ్ళతో సమానంగానే బతుకుతారని దశాబ్దాల కింద తేలిందట. మన దగ్గర ఇప్పటికీ మొత్తం తీసేస్తేనే నమ్మకం. కరెంటు అంటే షాక్ అనుకుని మా ఆడబిడ్డ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ఏడ్చింది. షాక్ ఏం లేదు. ఎక్స్‌రే లాంటి గదిలో బల్ల మీద పడుకుంటే కొన్ని నిమిషాల పని. చర్మం కొంచెం నల్లబడింది, అలసట ఉండేది.

కీమోకు జుట్టు పోయింది. పోయినప్పుడు బాధపడ్డా, ఎందుకు అబద్ధం. ఒక ఫంక్షన్‌లో ఒకాయమ్మ "అయ్యో, పసుపుకుంకాలతో పోతే అదే అదృష్టం" అంది. ఆమెకు భోజనంలో లడ్డూ వడ్డించింది నేనే. జుట్టు మళ్ళీ వచ్చింది, ఇదివరకటి కంటే ఉంగరాలుగా. అందరికీ కీమో పడదు కూడా. తొలి దశలో కొందరికి మాత్రలే చాలంటారు.

పచ్చని ప్రకృతి
మళ్ళీ జడ గారూ, మీరు చెప్పింది చదివాను. మా మేనత్తకు మళ్ళీ ఏదో తగులుతోందట. ఈసారి సర్జన్‌కు చూపించమంటాను. అయినా తిండి, నడక సంగతి ఎవరూ మాట్లాడరేం?

కత్తి పట్టినవాడు
నడవమనండి, బరువు తగ్గమనండి, కాదనను. ముక్క పరీక్ష మాత్రం అయ్యాక.

తెనాలి కోడలు
రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్. చంకలో ఏమీ లేనట్టుంది, మొదటి దశ కావచ్చు అన్నారు. రొమ్ము ఉంచి గడ్డ తీసి, చంకలో మొదటి గ్రంథి చూసి, తర్వాత కరెంటు, ఆపై రోజూ ఒక మాత్ర కొన్నేళ్ళు. కీమో సంగతి ఆపరేషన్ రిపోర్టు చూసి చెప్తారట. అత్తమ్మ నా కంటే కుదురుగా ఉన్నారు. మామయ్యగారు మాత్రం అన్నం ముట్టడం లేదు. మావారు సెలవు పెట్టి వచ్చారు, హైదరాబాద్‌లో బసవతారకం, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఎక్కడో ఒకచోట ఇంకొకరికి చూపిద్దాం అంటున్నారు. చూపించవచ్చా? నా సంగతి, మా ఆడపడుచు సంగతి కూడా చెప్పండి, తనకు 33.

కత్తి పట్టినవాడు
రెండో అభిప్రాయం తీసుకోండి, తప్పేమీ లేదు. రిపోర్టు కాగితంతో పాటు ల్యాబ్ నుంచి స్లైడ్లు, తీసిన ముక్కను దాచిన మైనపు బ్లాకు అడిగి తీసుకెళ్ళండి. అవి ఉంటే మళ్ళీ సూది గుచ్చాల్సిన పని ఉండదు, అక్కడి వాళ్ళు వాటినే చూస్తారు. మామోగ్రామ్ ఫిల్ములు, సీడీ కూడా. రెండు చోట్లా ఒకే మాట చెప్తే మూడో చోటికి వెళ్ళకండి.

మీకు 36, మీరు కోడలు. అత్తగారి జబ్బు మీకు రక్తంలో రాదు. ఏ లక్షణమూ లేకపోతే ఇప్పుడు మామోగ్రామ్ అక్కర్లేదు, 40కి ఆలోచించండి. మీ ఆడపడుచుది వేరు. అమ్మకు 54లో వచ్చింది కాబట్టి తను 40 నుంచి క్రమం తప్పకుండా మొదలుపెట్టాలి. మీకు ఆడపిల్ల ఉంటే తనకూ ఇది కుటుంబ చరిత్రే. ఈ జబ్బు ముప్పు పెంచే జన్యువులు తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి, చాలామంది అమ్మ వైపే చెప్పి ఊరుకుంటారు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే, కంగారు వద్దు. అత్తమ్మ పుట్టింటి వైపు ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయేమో మాత్రం కనుక్కోండి.

తెనాలి కోడలు
ఇప్పుడే చిన్నత్తను అడిగాను. వాళ్ళ అమ్మగారి చెల్లెలు నలభైల్లోనే "కడుపులో గడ్డ, నీరు చేరి" పోయారట. అప్పట్లో ఏమీ తేల్చలేదు. ఇది పనికొస్తుందా?

కత్తి పట్టినవాడు
పనికొస్తుంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు మొదటి రోజే డాక్టర్‌కు చెప్పండి, కేస్ షీట్‌లో రాయించండి. అది అండాశయానిదై ఉండవచ్చు అనుకుంటే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు ఉన్నాయేమో చూసేది) మాట వాళ్ళే ఎత్తుతారు. ముందు మీ అత్తమ్మకే చేస్తారు. ఆవిడలో దొరికితే అప్పుడు మీ ఆడపడుచుకు, మీ వారికి.